ఇన్‌స్టాలో లైకులకి లోటు లేదు, బ్లాగుకి మాత్రం ఎవరూ రావట్లేదు. ఏం చేస్తే వస్తారు?

శిలలూ_కథలూ
పాత గుడుల శిల్పకళ మీద తెలుగులో బ్లాగు రాస్తున్నాను. రామప్ప, లేపాక్షి, పానగల్లు, బిక్కవోలు, ఇలా ఎక్కడికెళ్లినా ఫోటోలు తీసి, శాసనాల్లో ఏముందో చదివి, వ్యాసం రాయడానికి వారాలు పడుతుంది. జనాన్ని రప్పించడానికి ఇన్‌స్టాగ్రామ్ మొదలుపెట్టాను. ఫోటోలు బాగా నచ్చుతున్నాయి, షేర్లు కూడా ఉన్నాయి. ప్రతి పోస్టు చివర "పూర్తి వ్యాసం బ్లాగులో, లింక్ బయోలో" అని రాస్తున్నాను. తీరా చూస్తే ఫోటో నచ్చినవాళ్లలో నూటికి ఒక్కరు కూడా బ్లాగు దాకా రావట్లేదు. "అద్భుతం" అని ఒక మాట పడేసి పైకి జరిపేస్తున్నారు. నాకు కావాల్సింది ఆ అద్భుతం వెనక సంగతి చదివేవాళ్లు. మీలో ఎవరికైనా ఫోటోల ద్వారా నిజంగా పాఠకులు పెరిగారా? పెరిగితే ఎలా?

కమ్మని_వంటిల్లు
ముందు ఒక మాట చెప్పండి. క్యాప్షన్‌లో ఎంత రాస్తున్నారు?

శిలలూ_కథలూ
కాస్త ఎక్కువే అండీ. అక్కడ 2,200 అక్షరాల దాకా పడతాయి కదా, దాదాపు నింపేస్తాను. గుడి ఎవరు కట్టించారు, ఎప్పుడు, శైలి ఏమిటి, అన్నీ.

కమ్మని_వంటిల్లు
మరి బ్లాగుకి దేనికి రావాలి? కథ మొత్తం అక్కడే చెప్పేశారుగా. నేను కూర ఫోటో పెడితే రుచి గురించి, మా అమ్మమ్మ వాడే ఒక్క చిట్కా గురించి రాస్తాను. కొలతలు మాత్రం బ్లాగులోనే. ఉలవచారు చేయాలనుకున్నవాళ్లకి కొలతలు కావాలి, కాబట్టి వస్తారు. చేయాలనుకోనివాళ్లు ఎలాగూ రారు, వాళ్ల గురించి బెంగ అనవసరం.

గుంటూరు_గోపి
ఈ "లింక్ బయోలో" నాకు చిరాకండీ. మంచి ఫోటో చూస్తా, లింకు కోసం ప్రొఫైల్‌కి వెళ్తా, అక్కడ ఒక లింకు నొక్కితే ఇంకో పేజీ, అందులో పన్నెండు బటన్లు. నాక్కావాల్సింది ఏదో తెలీదు. వచ్చేస్తా.

చుక్కల_ముగ్గు
గోపి గారు చెప్పిన చిరాకే నన్ను ఫోటోలు వెతికి దాచుకునే పింటరెస్ట్ వైపు నడిపించింది. శిలలూ_కథలూ గారూ, ఇది కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

నాది ముగ్గుల బ్లాగు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటో కింద లింకు రాసినా అది నొక్కడానికి పనికిరాదు. ఉత్త అక్షరాలుగా పడి ఉంటుంది. పింటరెస్ట్‌లో అలా కాదు, ఫోటోయే లింకు. నొక్కితే నేరుగా నా పేజీ తెరుచుకుంటుంది. రెండోది, అక్కడికి జనం కాలక్షేపానికి కన్నా వెతుక్కోవడానికి వస్తారు. రేపు పొద్దున వాకిట్లో ఏ ముగ్గు వేయాలా అని వెతికే మనిషికి నా ముగ్గు కనిపిస్తే ఫోటో చూసి ఆగిపోదు. "15 చుక్కలు, 8 వచ్చేవరకు, సందు చుక్క" అనే లెక్క కావాలి, ఏ చుక్క నుంచి ఏ చుక్కకి గీత లాగాలో కావాలి. అది బ్లాగులో మెట్టు మెట్టుగా ఉంటుంది.

నేను పిన్ (అక్కడ పెట్టే ఫోటో) ఎలా చేస్తానంటే: నిలువు ఫోటో, 1000 × 1500 పిక్సెళ్లు. పైన మూడింట రెండు వంతులు పూర్తయిన ముగ్గు. కింద చుక్కలు మాత్రమే పెట్టిన నేల ఫోటో, దాని మీద చుక్కల లెక్క పెద్ద అక్షరాల్లో. ముగ్గు మధ్య దశలు చూపించను. టైటిల్‌లో "సంక్రాంతి ముగ్గు", "రథం ముగ్గు" అని తెలుగులోనూ, అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాస్తాను, ఎందుకంటే వెతికేవాళ్లు రెండు రకాలుగానూ టైపు చేస్తారు.

ఇంకోటి, సమయం. ధనుర్మాసం డిసెంబరు మధ్యలో మొదలవుతుంది. అప్పుడు పిన్ చేస్తే ఆలస్యం. నవంబరు మొదట్లోనే పెట్టేయాలి. పింటరెస్ట్ నెమ్మదిగా పట్టుకుంటుంది, పట్టుకున్నాక వదలదు. కొన్నేళ్ల కిందటి రథం ముగ్గు పిన్ నుంచి ప్రతి భోగికీ మనుషులు వస్తూనే ఉన్నారు. ఇన్‌స్టాలో పోయిన వారం పెట్టిన ఫోటోని ఈ వారం ఎవరూ చూడరు.

వరంగల్_వాసి
పింటరెస్ట్‌లో తెలుగువాళ్లు ఉన్నారా అసలు?

నేత_చీర
బోలెడుమంది. జాకెట్టు డిజైన్లు, మగ్గం వర్కు, మెహందీ, లంగా ఓణీ కలర్ కాంబినేషన్లు. టైలర్ దగ్గరికి వెళ్లి చూడండి, సగం మంది ఫోన్‌లో పింటరెస్ట్ బొమ్మే చూపిస్తారు.

గుంటూరు_గోపి
నిజమే. మా ఇంట్లో ఆ యాప్ వల్ల కుట్టించిన జాకెట్ల లెక్క నాకు తెలుసు, చెప్తే ఇంట్లో అన్నం దొరకదు.

శిలలూ_కథలూ
చుక్కల_ముగ్గు గారూ, చాలా వివరంగా చెప్పారు, సంతోషం. కానీ ముగ్గుకి, కూరకి ఉన్న "ఎలా చేయాలి" అనే అవసరం శిల్పానికి లేదు కదా? చూసేవాళ్లు ఎవరూ గుడి కట్టబోవట్లేదు.

నేత_చీర
నాకూ అదే ఇబ్బంది ఉండేది. నేను రాసేది చీర కొనమని కాదు, నేత గురించి. ఉప్పాడ జాందానీ చీర మొత్తం పరిచి ఫోటో పెడితే "ఎంత?", "ఎక్కడ దొరుకుతుంది?" ఈ రెండే ప్రశ్నలు. తర్వాత దగ్గరి నుంచి తీయడం మొదలుపెట్టాను. మగ్గం మీద నేతగాడి వేలు, ఆ వేలి కింద ఒక్క పువ్వుకి విడివిడిగా కట్టిన చిన్న చిన్న దారపు చుట్టలు. చీర కనిపించదు. "ఈ పువ్వు వెనకవైపు కూడా ఇలాగే ఉంటుంది, ఎందుకో తెలుసా?" అని ఒక్క వాక్యం. కింద వ్యాఖ్యల్లో వాదన మొదలైంది. కొందరు ఎంబ్రాయిడరీ అన్నారు, కొందరు ప్రింటు అన్నారు. జవాబు బ్లాగులో ఉంది కాబట్టి వచ్చారు. గద్వాల చీర అంచు, ఒళ్లు విడిగా నేసి కలిపే పని కూడా ఇలాగే పెట్టాను, దానికి ఇంకా ఎక్కువమంది వచ్చారు.

మీ శిల్పాల్లో కూడా ఇలాంటివి ఉండాలే.

శిలలూ_కథలూ
ఎందుకుండవు! పానగల్లు ఛాయా సోమేశ్వరాలయమే ఉంది. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం లాంటి నీడ పొద్దంతా కదలకుండా ఉంటుంది. సూర్యుడు జరుగుతున్నా అది జరగదు. ఏ స్తంభం నీడ అని వెతికితే దొరకదు. దాని మీద వెలుతురు ఏ దారుల్లో లోపలికి వస్తుందో గీతలు గీసి వ్యాసం రాశాను.

నేత_చీర
మరి ఇన్‌స్టాలో ఏం పెట్టారు?

శిలలూ_కథలూ
గోపురం ఫోటో.

నేత_చీర
అయ్యో! నీడ పెట్టండి ముందు.

పాత_కూడలి
నేను వేరే మాట అంటాను, ఏమీ అనుకోకండి. మేము బ్లాగులు మొదలుపెట్టినప్పుడు కూడలి, హారం, మాలిక లాంటి సంకలినులు ఉండేవి. పొద్దున్నే అక్కడికెళ్తే తెలుగులో ఎవరు ఏం రాశారో ఒక్కచోట కనిపించేది. బ్లాగుల్లో కొత్త రాతలన్నీ ఒక్కచోట చూపించే గూగుల్ రీడర్ ఉండేది, అది 2013 జూలైలో మూసేశారు. అప్పుడు చదివేవాడు చదవడానికే వచ్చేవాడు. వ్యాఖ్య రాస్తే పది వాక్యాలు రాసేవాడు. ఇప్పుడు మీరందరూ బొమ్మలు చూడ్డానికి వచ్చినవాళ్లని పాఠకులుగా మార్చాలని చూస్తున్నారు. నా అనుభవంలో వాళ్లు వేరు, వీళ్లు వేరు. ఫోటో మీద పెట్టే శ్రమ ఇంకో మంచి వ్యాసం మీద పెట్టండి. గూగుల్‌లో వెతికేవాళ్లే మన అసలు పాఠకులు.

కమ్మని_వంటిల్లు
అన్నా, గూగుల్‌లో వెతకాలంటే ముందు ఆ సంగతి ఒకటుందని తెలియాలి కదా. ఛాయా సోమేశ్వరం పేరే విననివాళ్లు ఏమని వెతుకుతారు?

పాత_కూడలి
అది ఒప్పుకుంటాను.

డాలస్_బావ
నేను సరిగ్గా అలా వచ్చినవాడినే. పుట్టింది నల్గొండ పక్కనే, పానగల్లు గుడి గురించి ఇక్కడికొచ్చాక ఒక ఫోటో చూసి తెలుసుకున్నా. మా పిల్లలకి చూపించా. మాలాంటివాళ్లకి ఇన్‌స్టానే మొదటి గుమ్మం. కాకపోతే ఒక విన్నపం, సాయంత్రం మీరు పెట్టేది మాకు తెల్లవారుజామున పడుతుంది, లేచేసరికి కిందికి వెళ్లిపోతుంది. శనివారం రాత్రి పెడితే మాకు శనివారం పొద్దున, తీరిగ్గా చదువుతాం.

కీబోర్డు_కనకం
సాంకేతికం సంగతులు కొన్ని చెప్తాను, చాలామంది పాత లెక్కల్లోనే ఉన్నట్టున్నారు.

బయోలో ఒకే లింకు అనేది పాత మాట. 2023 నుంచి అయిదు దాకా పెట్టుకోవచ్చు. పన్నెండు బటన్ల పేజీ అక్కర్లేదు. మొదటిది ఎప్పుడూ కొత్త వ్యాసానికే ఉంచండి, బ్లాగు ముఖద్వారానికి కాదు. నీడ గురించి చదవాలని వచ్చినవాడికి ముఖద్వారంలో వేరే గుడి కనిపిస్తే వెనక్కి పోతాడు.

స్టోరీలో లింకు పెట్టాలంటే ఒకప్పుడు పదివేల మంది ఫాలోవర్లు ఉండాలి. 2021 అక్టోబరులో ఆ షరతు తీసేసి లింక్ స్టిక్కర్ అందరికీ ఇచ్చారు. నాకు తెలిసి ఇన్‌స్టా నుంచి బ్లాగుకి దగ్గరి దారి ఇదే. పోస్టు పెట్టిన రోజే స్టోరీ కూడా పెట్టి, దాన్ని ప్రొఫైల్‌లో నిలిచిపోయే హైలైట్స్‌లో దాచండి, లేకపోతే 24 గంటల్లో పోతుంది. స్టిక్కర్ మీద ఉత్త వెబ్ అడ్రసు కాకుండా "నీడ ఎందుకు కదలదు?" అని రాయండి, మార్చుకునే వీలుంది.

ఇంకా ముఖ్యం: ఇన్‌స్టాలో లింకు నొక్కితే యాప్ లోపలి బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. మీ పేజీలో కెమెరా నుంచి తీసినవి తీసినట్టే భారీ ఫోటోలు ఉంటే, పల్లెలో మొబైల్ డేటా మీద అది తెరుచుకునేలోపు మనిషి వెళ్లిపోతాడు. బ్లాగుకి ఎక్కించే ఫోటోలు చిన్నవి చేసి, వెబ్‌పీ అనే తేలికపాటి రూపంలో పెట్టండి. వచ్చి వెళ్లిపోయినవాళ్లు మీ లెక్కల్లో కనిపించరు కూడా. మీరు రావట్లేదు అనుకుంటున్నవాళ్లలో కొందరు గుమ్మం దాకా వచ్చినవాళ్లేమో.

శిలలూ_కథలూ
ఇప్పుడే ఫోన్‌లో తెరిచి చూశాను. మొదటి ఫోటో కనిపించడానికే చాలాసేపు పట్టింది. కనకం గారూ, ఇది నాకు తట్టనే లేదు. ఏ దారిలో ఎవరు వచ్చారో విడిగా తెలుసుకోవచ్చా?

కీబోర్డు_కనకం
లింకు చివర యూటీఎం ట్యాగు, అంటే ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే గుర్తు, తగిలించండి. స్టోరీకి ఒకటి, బయోకి ఒకటి, పింటరెస్ట్‌కి ఒకటి. బ్లాగు లెక్కలు చూపించే అనలిటిక్స్‌లో విడివిడిగా కనిపిస్తాయి. నెల తర్వాత చూసి, ఏది పనిచేయట్లేదో దాని మీద శ్రమ తగ్గించండి.

హాయ్_హనుమకొండ
ఇంత గొడవెందుకు, రీల్స్ చేయండి. ఫోటోలకి కాలం చెల్లింది.

లెన్స్_రాజు
రీల్ కొత్తవాళ్లకి చేరుతుంది, కాదనను. కానీ రీల్ చూసేవాడి బొటనవేలు ఆగదు. నా వరకు బ్లాగుకి మనుషుల్ని పంపింది కారసెల్, అంటే ఒకే పోస్టులో పక్కకి జరుపుతూ చూసే బొమ్మల వరస. ఇప్పుడు 20 బొమ్మల దాకా పెట్టొచ్చు, కానీ ఆరేడు దాటితే ఎవరూ జరపరు. పక్కకి జరపడమంటే చదవడానికి సిద్ధపడటమే. చివరి బొమ్మ దాకా వచ్చినవాడే బ్లాగుకి వచ్చేవాడు.

హాయ్_హనుమకొండ
నా రీల్‌కి లక్ష దాటాయి వ్యూస్.

లెన్స్_రాజు
అందులో బ్లాగుకి ఎందరు వచ్చారు?

హాయ్_హనుమకొండ
నాకు బ్లాగు లేదన్నా.

గుంటూరు_గోపి
😂😂

హాయ్_హనుమకొండ
నవ్వండి నవ్వండి. కానీ ఒకటి ఆలోచించండి. రామప్పలో ఎత్తు మడమల చెప్పులున్న మదనిక (నాట్యగత్తె శిల్పం) ఉందిగా, "800 ఏళ్ల కిందటే హైహీల్స్" అని పెడితే చాలు, ఊరంతా షేర్ చేస్తారు. అలాంటివి వాడుకోవాలి.

శిలలూ_కథలూ
దాంతో నాకు పేచీ ఉంది. ఆ శిల్పం ఉంది, చూడదగ్గదే. కానీ ఆ ఒక్క వాక్యంతో వచ్చినవాడు "ప్రపంచంలో మొదటి హైహీల్స్ మనవే" అనే మాట కోసం వస్తాడు. నా వ్యాసంలో అది ఉండదు. గుడి 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడని, ఎర్ర ఇసుకరాతి గుడికి నల్లరాతి మదనికలు ఎలా అమర్చారో, ఆ భంగిమలు చూసి నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యానికి ఎలా ప్రాణం పోశారో ఉంటుంది. నిరాశపడి వెళ్లిపోతాడు, మళ్లీ రాడు. ఫోటో కింద ఇచ్చిన మాట పేజీలో నిలబెట్టుకోవాలి కదా.

పాత_కూడలి
ఈ మాటకి నా ఓటు. ఇలా పట్టుబట్టేవాళ్లుంటే ఇన్‌స్టా అయినా పర్వాలేదు.

చుక్కల_ముగ్గు
అదే గుడిలో ముగ్గురు నర్తకులకి కలిపి నాలుగే కాళ్లున్న చెక్కడం ఉంది కదండీ? దాన్ని పెట్టండి. మొదటి బొమ్మలో "కాళ్లు లెక్కపెట్టండి". అందులో అతిశయోక్తి ఏమీ లేదు, రాతి మీద ఉన్నదే.

శిలలూ_కథలూ
భలే! అది రెండోది చేస్తాను.

వరంగల్_వాసి
కారసెల్‌లో తెలుగు అక్షరాలు పెడితే ఒత్తులు విరిగిపోతున్నాయి. "శిల్పం" అని రాస్తే "శిల్‌పం" అని వస్తోంది ఫోటోషాప్‌లో. చూస్తేనే ప్రాణం ఉసూరుమంటుంది. ఎవరికైనా పరిష్కారం తెలుసా?

కీబోర్డు_కనకం
ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గరికెళ్లి భాషల ఎంపికలో సౌత్ ఏషియన్ అని ఉన్నది, లేదా వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి. వెర్షన్ని బట్టి పేరు మారుతుంది. యాప్ మూసి తెరిచి, కొత్త ఫైలులో టైపు చేయండి. ఫాంటు యూనికోడ్‌దే అయ్యుండాలి.

లెన్స్_రాజు
గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి ఉచితంగా ఉన్నాయి. శీర్షికకి రామభద్ర బాగుంటుంది, లావుగా ఉంటుంది కాబట్టి చిన్న బొమ్మలో కూడా కనిపిస్తుంది. కింది వాక్యానికి మండలి. ఒక బొమ్మ మీద పది మాటలు మించకండి.

ఫోటోల దొంగతనం గురించి కూడా ఒక మాట. ఒక పెద్ద ట్రావెల్ పేజీ నా లేపాక్షి నంది ఫోటో ఎత్తుకెళ్లి, అంచు కత్తిరించి నా పేరు తీసేసి పెట్టుకుంది. అడిగితే "క్రెడిట్ ఇస్తాం" అన్నారు, అదీ వ్యాఖ్యల్లో ఎక్కడో అడుగున. అప్పట్నుంచి బ్లాగు పేరు మూలన కాకుండా శిల్పానికి ఆనుకుని, కత్తిరిస్తే బొమ్మే పాడయ్యే చోట చిన్నగా వేస్తున్నాను. ఫోటో తీసినవాడికి హక్కు దానంతటదే ఉంటుంది, రిజిస్టర్ చేయించాల్సిన పని లేదు. ఇన్‌స్టాలో కాపీరైట్ ఫిర్యాదు ఫారం ఉంది, అసలు ఫైలు చూపించి నింపండి. నా ఫోటో తీసేశారు.

నేత_చీర
ఇది అందరూ గుర్తుంచుకోవాలి. నాకైతే కోపం కన్నా బాధ ఎక్కువేసింది, ఎవరో నేతగాడి చేతుల ఫోటో వాడుకుని మిల్లు చీరలు అమ్ముకున్నారు.

కమ్మని_వంటిల్లు
హ్యాష్‌ట్యాగుల సంగతి ఎవరూ ఎత్తలేదు. 30 పెట్టేవాళ్లం ఒకప్పుడు. నేను ఇప్పుడు నాలుగైదుకి మించట్లేదు, తేడా ఏమీ రాలేదు. "ఫుడ్" లాంటి సముద్రంలో పడేసేకన్నా ఊరి పేరు, వంట పేరు మేలు. ఆత్రేయపురం అని పెడితే పూతరేకుల మీద ప్రేమున్నవాళ్లే వస్తారు.

డాలస్_బావ
డబ్బు పెట్టి పోస్టుని ఎక్కువమందికి చూపించే బూస్ట్ గురించి?

కమ్మని_వంటిల్లు
చేసేట్టయితే లక్ష్యం అడిగినచోట "వెబ్‌సైట్ సందర్శనలు" ఎంచుకోండి. ప్రొఫైల్ సందర్శనలు ఎంచుకుంటే ప్రొఫైల్ చూసి వెళ్లిపోతారు. కానీ నా సలహా, ముందు ఊరికే వచ్చేవాళ్లు వచ్చాకే డబ్బు పెట్టండి.

శిలలూ_కథలూ
ఇవన్నీ విన్నాక ఇలా అనుకుంటున్నాను. ఛాయా సోమేశ్వరం కారసెల్: మొదటి బొమ్మ నీడ మాత్రమే, "ఇది ఏ స్తంభం నీడ?" అని. రెండు, మూడు, నాలుగు అదే నీడ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. అయిదోది మండపం స్తంభాలు. ఆరోది నేను గీసిన పటంలో సగం. క్యాప్షన్ నాలుగు వాక్యాలు. స్టోరీలో స్టిక్కర్. అదే పటంతో నిలువు పిన్ ఒకటి. ఏమంటారు?

నేత_చీర
సగం పటం ఎందుకు? దాచినట్టు ఉంటుంది, చూసేవాళ్లకి అది నచ్చదు. పటం తీసేయండి, స్తంభాలతో ఆపండి. ప్రశ్న వాళ్ల మనసులోనే పుడుతుంది.

చుక్కల_ముగ్గు
పిన్‌కి మాత్రం పటం మొత్తం పెట్టండి. అక్కడ వెతుక్కుంటూ వచ్చిన మనిషికి "ఇక్కడ వివరం ఉంది" అని తెలియాలి. ఇన్‌స్టాకి, దానికి తేడా అదే.

పాత_కూడలి
వచ్చినవాళ్లని ఈమెయిల్ ఇవ్వమని అడగండి, వ్యాసం చివర ఒక చిన్న పెట్టె చాలు. ఇన్‌స్టాలో ఫాలోవర్లు ఎందరున్నా మీ పోస్టు ఎవరికి చూపించాలో ఆ కంపెనీయే నిర్ణయిస్తుంది. 2016లో పోస్టులు కనిపించే వరుస మార్చినప్పుడు ఎంతమంది గగ్గోలు పెట్టారో గుర్తుందిగా. ఈమెయిల్ అయితే మీరు పంపితే వెళ్తుంది.

శిలలూ_కథలూ
ఈమెయిల్ పెట్టె ఈ రాత్రే పెడతాను. కనకం గారూ, ఆల్ట్ టెక్స్ట్ అని ఒకటి అడుగుతుంది ఫోటో పెట్టేటప్పుడు, అది నింపాలా? తెలుగులోనా?

కీబోర్డు_కనకం
తప్పకుండా నింపండి, తెలుగులోనే. అది మొదటగా కంటిచూపు లేనివాళ్ల కోసం, వాళ్ల ఫోన్ దాన్ని చదివి వినిపిస్తుంది. "గుడి ఫోటో" అని కాకుండా "పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడి, లింగం వెనక గోడ మీద నిలువుగా స్తంభం లాంటి నీడ" అని రాయండి. పైగా 2025 జూలై నుంచి ప్రొఫెషనల్ ఖాతాల పబ్లిక్ ఫోటోలు గూగుల్‌లో కూడా వెతికితే కనిపించేలా చేశారు, అక్కడా పనికొస్తుంది. బ్లాగులో ఫోటోలకి కూడా ఇలాగే రాయండి. ఫైలు పేరు కెమెరా ఇచ్చిన డీఎస్‌సీ అంకెలతో వదిలేయకుండా గుడి పేరు పెట్టండి.

డాలస్_బావ
పెట్టాక లింకు ఇక్కడ కూడా వేయండి. మా నల్గొండ వాట్సాప్ గ్రూపులో నేను పంచుతాను, అందులో ఆ గుడి పక్కనే ఇల్లున్నవాళ్లు కూడా ఉన్నారు.